ఖాళీగా రాని క్యారేజీ

పద్మావతమ్మకు కోపం ఊరికే వస్తుందని చుట్టాలందరూ అంటారు. అది అన్యాయం. ఊరికే రాదు. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక ఫోన్ మోగితే వస్తుంది.

ఆ వేళప్పుడు ఆవిడకు ఫోన్ చేసేవాళ్ళు రెండు రకాలు. కల్యాణ మండపాల్లో వంటవాళ్ళు ఒక రకం. సాంబారు మిగిలిందండీ, తొందరగా రావాలండీ అంటారు. అంటే సాంబారు ఎప్పుడో మిగిలింది, మూతపెట్టి మరిచిపోయారు, ఇప్పుడది పులిసే దారిలో ఉందని అర్థం. ఫ్రిజ్ సర్దుకునే ఇల్లాళ్ళు రెండో రకం. వీళ్ళ దగ్గర మొన్నటి కూర ఉంటుంది, అటుమొన్నటి ఇడ్లీపిండి ఉంటుంది, పారేస్తే పాపమనే భయం కూడా ఉంటుంది. ఆ పాపాన్ని ఓ డబ్బాలో పెట్టి పేదవాళ్ళకు పంపేసి చేతులు దులుపుకోవాలని వాళ్ళ తాపత్రయం. మీరు తింటారా అమ్మా అది అని పద్మావతమ్మ అడుగుతుంది. అయ్యో, మేమెలా తింటామండీ, పాడైపోయి ఉంటుందిగా అని అవతలినుంచి ఎంతో మర్యాదగా జవాబొస్తుంది. ఇక కోపం రాక ఏమొస్తుంది?

బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళన్నిటికీ ఆవిడ తెలుసు. పాత మినీ వ్యాను ఒకటి, దాన్ని నడిపే ఫిలిప్, వెనక మూతలు బిగించిన స్టీలు డ్రమ్ములు, ముందు సీట్లో అరవై దాటిన పద్మావతమ్మ. పెళ్ళిళ్ళలో మిగిలిన భోజనం ఎత్తుకొచ్చి పెద్దాసుపత్రి బయట రోగుల తాలూకు మనుషులకూ, మొగల్రాజపురం కొండ మీద అద్దె గదుల్లో ఉండేవాళ్ళకూ పెడుతుంది. దానికి పేరు లేదు, బోర్డు లేదు. ఎవరైనా ఏం సంస్థ అండీ మీది అని అడిగితే, నా ఖర్మ సంస్థ అంటుంది.

ఆవిడ పుట్టింది కూచిపూడి దగ్గర పల్లెటూళ్ళో. ఆ మాట చెప్పగానే అయితే మీకు డాన్సు వచ్చా అని అడుగుతారు జనం. పెళ్ళయి విజయవాడ వచ్చిన దగ్గర్నుంచీ ఆ ప్రశ్నకు ఒళ్ళు మండుతూనే ఉంది. ఆవిడకు డాన్సు రాదు. వరి సంగతి వచ్చు. కోతలయ్యాక చేలో రాలిన వెన్నులను పిల్లలు సరదాకు ఏరబోతే వాళ్ళ నాన్న కేకలేసేవాడు. రాలింది మనది కాదు, పరిగ ఏరుకునేవాళ్ళది, ముట్టుకోవద్దు అనేవాడు. అందుకని మిగిలింది ఇంకొకరిది అనే మాట ఆవిడకు ఎవరూ ఉపన్యాసమిచ్చి నేర్పలేదు. చిన్నప్పుడే కేకలు తిని నేర్చుకుంది.

భర్త బసవపున్నయ్యకు ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కొట్టు ఉండేది. ఇప్పుడది కొడుకు జయకృష్ణ చూసుకుంటున్నాడు. ఈ వ్యాను ఆ కొట్టుదే. ఒకప్పుడు గేర్ బాక్సులు మోసింది, ఇప్పుడు బిసిబేళాబాత్ మోస్తోంది. ఎంత కడిగినా అందులో గ్రీజు వాసన పోలేదనీ, కొట్టు సామాను వేస్తే సాంబారు వాసన వస్తోందనీ జయకృష్ణ గొణుగుతాడు. రెండూ నిజమే.

ఈ పని ఆవిడ పుణ్యం కోసం మొదలుపెట్టలేదు. పంతానికి మొదలుపెట్టింది. సొంత తమ్ముడి కూతురి పెళ్ళి. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెయ్యి కడుక్కుందామని హాలు వెనక్కి వెళితే, ఇద్దరు మనుషులు గుండిగ నిండా పులిహోర పట్టుకొచ్చి బందరు కాలవలోకి వంచుతున్నారు. వంచేసి, ఇంకోటి తెద్దామని వెళుతున్నారు. ఆవిడ అక్కడే నిలబడి నానా మాటలూ అంది. పెళ్ళికూతురి తండ్రి పరుగెత్తుకొచ్చాడు. అందరి ముందూ పరువు తీస్తున్నావక్కా అన్నాడు, అంత బాధగా ఉంటే నువ్వే మోసుకుపో అన్నాడు. మోసుకుపోయింది. కొట్టుకు ఫోన్ చేసి వ్యాను రప్పించి, పట్టుచీర కొంగు నడుముకు దోపి, మిగిలిన గుండిగలన్నీ ఎక్కించి పెద్దాసుపత్రి దగ్గర పెట్టించి వచ్చింది. తమ్ముడు ఇప్పటికీ ఆవిడతో ముభావంగానే ఉంటాడు. రెండు రోజుల్లో దిగిపోతుందిలే అనుకున్నాడు బసవపున్నయ్య. ఆ కోపం ఏళ్ళు గడిచినా దిగలేదు.

ఎలా దిగుతుంది? పెళ్ళికి ఎంతమంది వస్తారంటే ఎవరూ చెప్పరు. వచ్చేవాళ్ళకు రెండింతలు వండిస్తారు. తక్కువైందని మగపెళ్ళివారు ఒక్క మాటంటే తరతరాలు తల దించుకోవాలట. మిగిలింది ఇవ్వండయ్యా అంటే అప్పుడే ఇవ్వరు. బంధువులంతా వెళ్ళేదాకా బల్లల మీద కుప్పలు కుప్పలుగా కనబడుతూ ఉండాలట. చివరికి ఇచ్చేటప్పుడు ఫొటో. పెళ్ళికొడుకు మేనమామ ఒకాయన అయితే పప్పు గరిటె పట్టుకుని, ఆవిడ డ్రమ్ము ముందు నిలబడి, కెమెరావాడు ఏదో లెన్సు మార్చేదాకా గరిటె వంచలేదు. పప్పు చల్లారిపోతోంది నాయనా, నీ మొహం తర్వాత తీయించుకో అనేసింది. ఆ హాలువాళ్ళు కొన్నాళ్ళు ఫోన్ చేయలేదు.

తీసుకునేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఆసుపత్రి బయట పాపం ఆపరేషన్ అయిన మనిషి కోసం కాచుకుని కూర్చున్నవాళ్ళు. వాళ్ళకు ఈవిడ తెచ్చేది పనీర్ మసాలా, వేయించిన అన్నం, నేతిలో మునిగిన బొబ్బట్లు. కాస్త పెరుగన్నం ఉంటే పెట్టమ్మా, ఈ మసాలాలు తిని కడుపు మండిపోతోంది అంటారు. వాళ్ళ మాటలో తప్పేముంది? పెళ్ళిళ్ళలో పెరుగన్నం ఎవరు మిగులుస్తారు? ఎవరి మీద విసుక్కోవాలో తెలియక ఆవిడ ఫిలిప్ మీద విసుక్కునేది. ఫిలిప్ ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవాడు, లారీల హారన్ల మధ్య బతికినవాడు. ఆవిడ అరుపులు అతనికి ఒక లెక్క కాదు.

ఈ విసుగుల మధ్యలోనే భద్రమ్మ కనబడింది.

భద్రమ్మది పెడన. మగ్గం నేసే ఇల్లు. భర్త కోటిలింగం నేస్తే, చీరల మూట కట్టుకుని బస్సెక్కి విజయవాడలో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. పద్మావతమ్మ ఇంటికి ఏళ్ళ తరబడి వచ్చింది. వసారాలో మూట విప్పి చీరలు పరిచేది. ఒక చీర కొనడానికి పద్మావతమ్మ పది చీరలు విప్పించేది, భద్రమ్మ ఒక్క మడత కూడా విసుక్కోకుండా మళ్ళీ వేసుకునేది. భోజనం వేళయితే తిని వెళ్ళమని కూర్చోబెట్టేది పద్మావతమ్మ. తినేది, తిన్న రోజున వెళ్ళేటప్పుడు ఒక జాకెట్టు ముక్క బల్ల మీద పెట్టి వెళ్ళేది. వ్యాపారం చేసే మనిషి, ఖాతా పోకుండా చూసుకుంటోంది అనుకుంది పద్మావతమ్మ. అంతకు మించి ఆలోచించలేదు.

తర్వాత రావడం మానేసింది. మగ్గం ఆగిపోయిందనీ, కోటిలింగం పట్నంలో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చేరాడనీ ఎవరో చెప్పారు. అయ్యో అనుకుని మరిచిపోయింది.

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం కొండ కింద వ్యాను ముందునుంచి నీళ్ళ బిందెతో పోతూ కనబడింది. జనం అన్నం పొట్లాల కోసం వరుసలో ఉన్నారు. భద్రమ్మ వరుసను చూసింది, వ్యానును చూసింది, వ్యానులో ఉన్న మనిషిని చూసింది. కొంగు ముఖానికి అడ్డం లాక్కుని మెట్లెక్కబోయింది. పద్మావతమ్మ ఊరుకునే రకమా? పేరు పెట్టి పిలిచి ఆపింది. కోటిలింగానికి షుగరు, కాలికి పుండు పడి ఉద్యోగం పోయింది, వచ్చే పింఛను అద్దెకూ మందులకూ అయిపోతోంది, ఇవన్నీ ఆవిడ గుచ్చి గుచ్చి అడిగితే బయటికొచ్చాయి. పొట్లాలు చేతిలో పెట్టబోతే మాత్రం భద్రమ్మ వెనక్కి జరిగింది. మేం తినేశామమ్మగారూ అంది. తిన్న ముఖమా అది? తెలిసి తెలిసి అబద్ధమాడే మనిషిని ఏం చెయ్యాలి?

పద్మావతమ్మకు చిర్రెత్తుకొచ్చింది. మర్నాడు ఇంట్లోని నాలుగు గిన్నెల క్యారేజీ తీసి, మండపంలో దొరికిన వాటిలో మంచివి చూసి సర్దింది. అన్నం, పప్పు, కూర, తన ఇంటి పెరుగు. మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి, ఇంట్లో ఎక్కువైంది భద్రమ్మా, పారబోయలేక తెచ్చా అని గుమ్మంలో పెట్టింది. భద్రమ్మ క్యారేజీని రెండు చేతులా అందుకుంది. ఆవిడ ముఖంలోకి పాత రోజుల వెలుగొచ్చింది. అమ్మయ్య, ఒక తలనొప్పి తీరింది అనుకుంటూ పద్మావతమ్మ కిందికి దిగింది.

తీరలేదు. మర్నాడు భద్రమ్మ క్యారేజీని కిందికి తెచ్చి ఫిలిప్ చేతికిచ్చి వెళ్ళింది. తోమి మెరిసిపోతోంది. మూత తీస్తే పై గిన్నెలో పంచదార పొట్లం.

ఇదేం చాదస్తం అని పద్మావతమ్మ నవ్వుకుంది. మళ్ళీ నింపి ఫిలిప్‌తో పంపింది. ఈసారి గిన్నెలో బియ్యం వచ్చాయి. ఆ పైసారి కందిపప్పు. తర్వాత చింతపండు, మళ్ళీ బియ్యం, మళ్ళీ బియ్యం. రోజూ ఇదే తంతు. వద్దని చెప్పు ఫిలిప్పూ అంటే, చెప్పానమ్మా, నవ్వుద్ది అంతే అన్నాడు అతను. పద్మావతమ్మకు మొదట నవ్వుగా ఉన్నది తర్వాత విసుగైంది. ఊరందరి దగ్గరా బతిమాలి తెచ్చి పెడుతుంటే, ఈవిడేమో ఎదురు నాకే పంపిస్తోంది. ఆ బియ్యాన్నీ పప్పునూ ఇంటి వెనక షెడ్డులో ఉన్న బస్తాల్లోకి వంచేసేది. వీధివాళ్ళు ఇచ్చే గుప్పెడూ చారెడూ కూడా ఆ బస్తాల్లోకే పోయేవి. ముహూర్తాలు లేని రోజుల కోసం దాచే సరుకు అది.

ఆ రోజులు వచ్చాయి. మూఢం పట్టింది. మూఢంలో పెళ్ళిళ్ళు చెయ్యరు, గృహప్రవేశాలు చెయ్యరు, కనీసం పుట్టువెంట్రుకలు కూడా తీయించరు. మండపాలకు తాళాలు. ఫోన్ మోగదు. మామూలప్పుడు ఫోన్ మోగితే తిట్టుకునే పద్మావతమ్మ ఇప్పుడు మోగలేదని తిట్టుకుంటూ తిరిగింది. వీళ్ళ ముహూర్తాలు లేవని వాళ్ళ ఆకలి ఆగుతుందా అని బసవపున్నయ్యను నిలదీసింది, ఆ మూఢం ఆయనే తెచ్చిపెట్టినట్టు. ఆయన పేపరు ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాడు.

షెడ్డులో పెద్ద పొయ్యి వెలిగించి అన్నం, పప్పు, ఒక పచ్చడి వండించడం మొదలుపెట్టింది. ఎంత వండినా సరిపోయేది కాదు. చివర్న నిలబడినవాళ్ళు వట్టి చేతులతో పోయేవాళ్ళు. ఎవరికి పెట్టాలి, ఎవరికి మానాలి? ఆలోచిస్తే ఆవిడకు ముందుగా తట్టింది భద్రమ్మే. ఇంట్లో బియ్యం, పప్పు, చింతపండు ఉన్న మనిషి. లేకపోతే రోజూ ఎక్కణ్ణుంచి పంపుతుంది? వండుకునే ఓపిక లేక క్యారేజీ తీసుకుంటోంది కాబోలు. ఈ మూఢం వెళ్ళేదాకా వండుకుంటుందిలే. ఆ క్యారేజీ అన్నం నలుగురు పిల్లలకు సరిపోతుంది.

ఇలా లెక్క వేసుకుని కొండ మీదికి క్యారేజీ పంపడం మానేసింది. అందులో తన భోజనం సర్దుకుని వ్యానులో పెట్టుకోవడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అందరికీ పెట్టాక తినొచ్చని.

కొన్ని రోజులు గడిచాయి. ఒకరోజు కొండ కింద వరుస సగం తగ్గాక, గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ దిగుతూ కోటిలింగం వచ్చాడు. కాలికి గుడ్డ కట్టి ఉంది. చేతిలో చిన్న స్టీలు డబ్బా. వచ్చి వరుస చివర నిలబడ్డాడు. పద్మావతమ్మ చూసింది. అసలే ఎండ, అసలే డ్రమ్ములో అన్నం అడుగంటుతోంది. ఆవిడ నోరు ఆగలేదు.

"మీకేం లోటు కోటిలింగం గారూ, ఇంట్లో బియ్యం పప్పూ దండిగా ఉన్నాయిగా. భద్రమ్మ నాకే పంపిస్తోంది."

ఆయన వరుస వదిలి పక్కకొచ్చాడు. డబ్బా వెనక్కి పెట్టుకున్నాడు. మాట మాత్రం చాలా మెల్లగా వచ్చింది.

"ఉన్నయ్యే పంపిందమ్మా. రేషను డిపోలో ఇచ్చిన బియ్యం మొత్తం మీ క్యారేజీలోనే దిగొచ్చినయ్యి. ఖాళీ గిన్నె ఎట్టా పంపుద్ది?"

ఆయనే చెప్పుకొచ్చాడు. క్యారేజీ వచ్చినన్నాళ్ళూ ఇద్దరికీ గడిచిపోయిందట. వండే పని లేదు కాబట్టి ఇంట్లో ఉన్న సరుకు రోజుకింత గిన్నెలో పోసి పంపిందట. ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని చూశారట. ఉన్న కొద్దిపాటి నూకలూ కోటిలింగానికే కాచి పోసి, తను తిన్నానని చెప్పిందట. నిన్న పొద్దుట్నుంచీ కళ్ళు తిరిగి చాప మీంచి లేవలేదట.

"నేను కిందికొచ్చినట్టు చెప్పమాకండమ్మా" అన్నాడు చివర్న.

పద్మావతమ్మకు కోపం వచ్చింది, కానీ ఎప్పుడూ వచ్చే చోటుకి రాలేదు. ఎదురుగా ఎవరూ లేరు, తిట్టడానికి. వంటవాళ్ళు లేరు, ఫొటోల మేనమామ లేడు. పక్కింటివాళ్ళు పాయసం పంపితే, ఆ గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు తను మాత్రం ఖాళీగా ఇచ్చిందా? అత్తగారు నేర్పిన దగ్గర్నుంచీ పంచదారో, పండో వెయ్యకుండా ఒక్కనాడు ఇవ్వలేదు. ఆలోచించకుండా చేసే పని అది. తను చేస్తే మర్యాద, భద్రమ్మ చేస్తే చాదస్తం అయింది. ఆ మర్యాదకు గింజలు కావాలనీ, అవి ఎవరి డబ్బాలోంచి వస్తున్నాయో చూడాలనీ తట్టలేదు. తట్టకపోగా, ఆ గింజలు చూసి భద్రమ్మకే అన్నం మానేసింది. ఇంత బుద్ధితక్కువ పని తన జన్మలో చెయ్యలేదనిపించింది, సిగ్గేసింది.

గరిటె ఫిలిప్ చేతిలో పెట్టింది. కోటిలింగానికి నీడలో కుర్చీ వేసి అన్నం పెట్టమంది. తర్వాత, పొద్దున ఎవరో ఇస్తే బండిలోనే ఉండిపోయిన బియ్యం సంచీ ఒకటి పైకి తెమ్మంది. తన భోజనం ఉన్న క్యారేజీ చేతికి తీసుకుని మెట్లెక్కింది. మోకాళ్ళను తిట్టుకుంటూ, మెట్లు కట్టినవాణ్ణి తిట్టుకుంటూ, భద్రమ్మను తిట్టుకుంటూ ఎక్కింది.

గదిలో భద్రమ్మ గోడవారగా చాప మీద ఉంది. ఆవిణ్ణి చూసి లేవబోయింది. కుర్చీ లేదే అని కంగారుపడింది. పద్మావతమ్మ మూల ఉన్న బియ్యం డబ్బా దగ్గరికి వెళ్ళి మూత తీసింది. పరాయి ఇంట్లో ఎవరూ చెయ్యకూడని పని అది, చేసింది. అడుగున కొలిచే గ్లాసు ఒక్కటే ఉంది.

"నా గిన్నె నాకు ఖాళీగా పంపితే నీ సొమ్మేం పోతుంది భద్రమ్మా?"

"నా సొమ్మేం పోదు అమ్మగారూ" అంది భద్రమ్మ. నీరసంగా ఉంది కానీ తడబడలేదు. "మీ ఇల్లు నిండుగా ఉండాల. ఖాళీ గిన్నె మీ గడపలోకి నా చేత్తో నేను పంపాలా?"

పద్మావతమ్మ అరిచింది. కిందికొచ్చి పొట్లం తీసుకుని ఉంటే ఏ గొడవా ఉండేది కాదుగా అంది. దానికి గిన్నె లేదు, తిరిగి ఇచ్చేది లేదు, ఊళ్ళో ఇంతమంది తీసుకోవడం లేదా అంది.

"పొట్లం ఎవురికైనా ఇస్తారమ్మగారూ. క్యారేజీ నాకని తెచ్చారు."

ఇన్నేళ్ళుగా పద్మావతమ్మ ఎన్ని వేల చేతుల్లో పొట్లాలు పెట్టిందో, ఒక్క చెయ్యీ ఇలా మాట్లాడలేదు. మాట్లాడే వీలు తనిస్తే కదా. బండి ఆపడం, అరవడం, పంచడం, వెళ్ళిపోవడం. పెట్టడమంటే అదేననుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది కనబడకుండా ఫిలిప్ మీద కేకలేసింది, సంచీ తేవడానికి ఇంత సేపా అని. అతను అప్పటికే గుమ్మంలో సంచీ దించి నిలబడి ఉన్నాడు.

భద్రమ్మ సంచీ వంక చూసింది. ఇచ్చినవి వెనక్కి తీసుకుంటామా అమ్మగారూ అంది. నువ్విచ్చినవి ఎప్పుడో జనం తినేశారు, ఇవి వేరు అంది పద్మావతమ్మ. ఫిలిప్ జారుకున్నాడు. సంచీ గడప మీద అలాగే ఉండిపోయింది, లోపలికీ రాలేదు, బయటికీ పోలేదు.

"ఒక మాట విను" అంది పద్మావతమ్మ. "ఇంకోసారి నా క్యారేజీలో బియ్యం గింజ కనబడిందంటే, ఆ మెట్ల మీంచి క్యారేజీతో సహా విసిరేస్తాను. చెప్తున్నా." అని, కొంగుతో ముఖం తుడుచుకుని నేల మీద చతికిలబడింది. "నాకు ఆకలేస్తోంది. పొద్దుట్నుంచీ మంచినీళ్ళు తప్ప ఏమీ లేదు. వడ్డించు."

అది నిజమే. పెళ్ళిళ్ళ రోజుల్లో అయితే డ్రమ్ములోవి నాలుగు ముద్దలు తను రుచి చూశాకే బండి కదిలేది. మూఢంలో ఆ ముద్దలూ లేవు.

భద్రమ్మ ఆవిడ ముఖంలోకి చూసింది. తర్వాత గోడ ఆసరాతో లేచింది. కంచాలు రెండు కడిగింది. క్యారేజీ విప్పి, అన్నం పెట్టి, టమాటా పప్పు వేసి, గోంగూర పచ్చడి పక్కన పెట్టి, ముందు పద్మావతమ్మ కంచం జరిపింది. ఆ ఇంటి మనిషి వడ్డించినట్టే వడ్డించింది. ఇంకొంచెం వేసుకోండి అమ్మగారూ, అసలేం తినలేదు అంది. ఇంకొంచెం వేసింది కూడా. నువ్వు తినవే తల్లీ ముందు అని పద్మావతమ్మ కసిరితే అప్పుడు తన కంచంలో కలుపుకుంది. మొదటి ముద్ద చేతిలో కాసేపు ఉండిపోయింది. తర్వాత మెల్లగా తింది. గాలికి బయట కూర్చున్నాడనుకుని, కోటిలింగానికని భద్రమ్మ కొంత తీసి మూతపెడుతుంటే, ఆయన కింద ఫిలిప్ దగ్గర తింటున్నాడులే అనబోయి, చెప్పొద్దన్నది గుర్తొచ్చి పద్మావతమ్మ నాలుక కరుచుకుంది.

పెరుగన్నం దాకా వచ్చాక ఫోన్ మోగింది. బసవపున్నయ్య. భోజనం చేశావా అని అడిగాడు. చేస్తున్నానండీ, భద్రమ్మ పెట్టింది అంది. అవతల ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. ఇవతల భద్రమ్మకు అర్థమైంది. తల వంచుకుని మెతుకులు ఏరుకుంది.

తినడమయ్యాక క్యారేజీ కడుగుతానని భద్రమ్మ వెనక్కి తీసుకెళ్ళింది. నీళ్ళ చప్పుడు వినబడింది. తర్వాత చప్పుడు ఆగింది, క్యారేజీ రాలేదు. పద్మావతమ్మ గడప వైపు చూసింది. సంచీ గడప మీదే ఉంది. ఈ మొండి మనిషి మళ్ళీ ఏం వెతుకుతోంది? ఇంట్లో ఉప్పు రాయి తప్ప ఏముందని వెతుకుతోంది?

భద్రమ్మ క్యారేజీ తెచ్చి రెండు చేతులా ఇచ్చింది. తేలిగ్గానే ఉంది. అయినా పద్మావతమ్మకు నమ్మకం లేదు. ఏమైనా వేశావా అని అడిగింది. మీరు చెప్పినట్టే గింజ కూడా వెయ్యలేదమ్మగారూ అంది భద్రమ్మ. అని, ఆవిడ కళ్ళ ముందే వంగి, గడప మీద ఉన్న బియ్యం సంచీని పట్టుకుని గదిలోకి లాక్కుంది. రేపు నేనే వస్తా, ఇక్కడే తింటా, ఇద్దరికీ సరిపడా తెస్తా అని పద్మావతమ్మ బెదిరించింది. రండమ్మగారూ అంది భద్రమ్మ.

సగం మెట్లు దిగాక పద్మావతమ్మకు మనసాగలేదు. గోడకు ఆనుకుని నిలబడి, క్యారేజీ కొక్కెం తీసి గిన్నెలు ఒక్కొక్కటే చూసింది. మూడు గిన్నెలు తుడిచినట్టున్నాయి. నాలుగోదీ తోమి ఆరబెట్టినట్టే ఉంది. దాని అడుగున మాత్రం, ఇద్దరూ తిన్న అన్నంలోంచి తీసి, కావాలని వేసిన మెతుకులు నాలుగు ఉన్నాయి.

చూశావా దీని మొండితనం అని పద్మావతమ్మ పైకే అంది. వినడానికి అక్కడ ఎవరూ లేరు. కింద ఫిలిప్ హారన్ కొడుతున్నాడు. వస్తున్నానయ్యా, చస్తున్నావా అని అరిచి, ఆ నాలుగు మెతుకులూ వేళ్ళతో తీసి నోట్లో వేసుకుని, మిగతా మెట్లు దిగింది.